ముఖం ఆఖరున వేయాలి

పక్క ఫ్లాట్‌కు రంగులు వేస్తున్నారు. పెయింట్ వాసన తలుపు సందులోంచి దూరి వంటింటి దాకా వచ్చి, పొద్దున్నే నా చేత ఈ తగవు పెట్టిస్తోంది. లేబర్ క్యాంపులో ఉండే పెయింటర్ రాజలింగానికి నేను బొమ్మలు నేర్పానని దోహా తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. నేను చెప్పిన సంగతినే తలకిందులు చేసుకున్నారు. శుద్ధ అబద్ధం. నేర్చుకున్నది నేను.

అప్పుడు మేం దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలో ఉండేవాళ్ళం. గోడలకు రంగు వేయడానికి కంపెనీ ఆయన్ను పంపింది. హాల్లో నా కాన్వాస్ ఉంది: తుఫాను, విరిగిన ముత్యాల వేట పడవ, ఒడ్డున గుండెలు బాదుకుంటున్న ఇల్లాలు. కాలేజీలో చదివిన యూరప్ రొమాంటిక్ చిత్రకారులంటే నాకు మోజు. మనిషి దుఃఖాన్నీ భయాన్నీ సముద్రమంత చేసి చూపినవాళ్ళు వాళ్ళు. ఆ బొమ్మను ప్రదర్శనకు పంపాలి. అంతకుముందు పంపినవి రెండూ తిరిగొచ్చాయి. మూడోదీ తిరిగొస్తే కుంచెలు పారేస్తానని ఇంట్లో ప్రకటించి ఉన్నాను.

ఆయన రోలర్ పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

“గీమె ఏడుస్తలేదు మేడం. ఏడ్సుడు సూపిస్తున్నది.”

నాకు ఒళ్ళు మండింది. “నీకేం తెలుసయ్యా? నేను ఇందులో డిగ్రీ చేశాను.”

“నేను కరీంనగర్ల పన్నెండేండ్లు సినిమా బ్యానర్లు ఏసిన మేడం. మా ఉస్తాదు మొఖం ఆఖరికి ఏయమనేటోడు. దూరంకెల్లి వచ్చేటోనికి ముందుగాల ఒళ్లే కనవడ్తది.”

నేను ఊరుకుంటానా? నా పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చి, ఓడ మునిగిన దృశ్యం తీసి ముందు పెట్టాను. ఆయన బొటనవేలు ప్యాంటుకు తుడుచుకుని, ఒక్కొక్కరి ముఖాన్నీ కప్పుతూ పోయారు. ముఖం పోయినా చాచిన చేతిలో ఆశ అలాగే ఉంది, వాలిన మెడలో చావు అలాగే ఉంది. పాతికేళ్ళుగా ఆ పుస్తకం తిరగేస్తున్నాను. ఇది నా కంటపడలేదు.

“ముఖమే లేకపోతే ఇంక మనిషెక్కడ?” అన్నాను. ఓడిపోవడం నాకు అలవాటు లేదు.

“ఇంట్ల ఎవలన్న అలిగితే మొఖం సూసే తెల్సుకుంటరా మేడం? తలుపేసే సప్పుడు సాలదా?”

“ఆ సంగతి నన్నడుగు రాజలింగం,” అన్నారు మావారు సోఫాలోంచి.

మర్నాడు నేనే దిగివచ్చాను. పేరుకు ‘గారు’ తగిలించి, చావుకబురు విన్న మనిషి ఎలా నిలబడుతుందో చూపించమన్నాను. ఆయన గోడవైపు తిరిగారు. ఒక అరచేయి గోడకు ఆనించి, రెండో చేత్తో చొక్కా అంచు పట్టుకున్నారు. కుడి మడమ కాస్త నేల వదిలింది, అడుగు వేయబోయి మరిచిపోయినట్టు. గబగబా గీశాను. పది నిమిషాలు ఆయన కదలలేదు. మావారు టీవీ ఆపేశారు. తరువాత రాజలింగంగారు ఇటు తిరిగి, మామూలు ముఖంతో, “జెర నీళ్లిస్తరా మేడం?” అన్నారు.

ఇల్లాలి ముఖం చెరిపేసి, ఆమెను సముద్రం వైపు తిప్పాను. బొమ్మ ఎంపికైంది. ప్రదర్శనకు రమ్మని ఫోన్ చేస్తే, “డ్యూటీ ఉన్నది మేడం, మీరు సూసి చెప్పుండ్రి” అన్నారు. ఆ తరువాత కంపెనీ ఆయన్ను దూరంగా అల్ ఖోర్ సైట్‌కు మార్చింది. అక్కడి నుంచే ఊరెళ్ళిపోయారని తెలిసింది. నంబరు పలకడం లేదు.

నేనిప్పటికీ ముఖం ఆఖరునే వేస్తాను. ఎవరైనా “బాగానే ఉన్నాను” అంటే ముందు వాళ్ళ చేతులకేసి చూస్తాను. ఊళ్ళో అందరితోనూ వాదించే నేను, అడగాల్సినచోట మాత్రం మంచినీళ్ళ గ్లాసిచ్చి ఊరుకున్నాను. రాజలింగంగారూ, ఆ పది నిమిషాలూ గోడకు చేయి ఆనించి మీరు విన్నది ఎవరి కబురు?