పొయ్యిరాళ్ళు

నిన్న మా వీధిలో ఎవరో ఇంటిపని కోసం గోదావరి ఇసుక దింపించారు. ఆ తడివాసన తగలగానే యానాంలో నా మూడో తరగతి గుర్తుకొచ్చింది.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి ఏడాది మా బడి ఆటస్థలం బాగుచేయించారు. గుంటలు పూడ్చి, పైన ఇసుక పోయించారు. ఆ స్థలం మూలనున్న తాటాకు పాకలో నా స్నేహితురాలు మంగ, వాళ్ళమ్మ ఉండేవారు. ఒక సోమవారం వెళ్ళేసరికి పాక లేదు, దాని చోట మూడు రాళ్ళు మాత్రం మిగిలాయి.

"మంగవాళ్ళు ఏరండీ?" అని మాస్టారిని అడిగాను.

"వేరే చోటికెళ్ళారమ్మా. ఆ రాళ్ళు తీసి అవతల పారెయ్యండి, కాళ్ళకి తగుల్తాయి," అన్నారాయన నావైపు చూడకుండా.

పెద్ద ఇల్లు కట్టుకున్నారు కాబోలనుకున్నాను. మసిపట్టిన మూడు రాళ్ళూ నేనే మోసుకెళ్ళి పక్కనున్న కాలవలో పడేశాను. నల్లబడ్డ చేతులు అందరికీ గొప్పగా చూపించాను.

సాయంత్రం మంగ వాళ్ళమ్మ వచ్చి కొత్త ఇసుకంతా కాళ్ళతో కెలుకుతూ వెతికింది.

"మా పొయ్యిరాళ్ళు సూసేవా అమ్మా? పాక పీకేత్తుంటే కంగారులో వదిలేసేం."

"మంగ ఏదత్తా?"

"మెట్టకూరు గట్టు మీద కూకోబెట్టొచ్చేను. పొద్దుట్నించీ ఏం తిన్లేదు. పొయ్యెలిగించాలి."

చేతులు వెనక్కి దాచుకుని, "నాకు తెలీదత్తా," అన్నాను. ఆవిడ నా తల నిమిరి వెళ్ళిపోయింది. మంగ మళ్ళీ బడికి రాలేదు.

కాలవ అక్కడికి పదడుగులు కూడా ఉండదు. లోతు నా మోకాళ్ళ దాకానే.