నీళ్లడిగిన పోస్టు

మా ఆయనకు బ్లాగుందంటే సత్తెనపల్లిలో సగం మంది నవ్వేవాళ్లు. "మిరపకాయలు పండించే మనిషికి బ్లాగేంటమ్మా?" అని మా డీటీపీ షాపుకి పెళ్లి కార్డుల కోసం వచ్చినవాళ్లు నా మొహం మీదే అడిగేవాళ్లు. పొద్దున్నే వాట్సాప్‌లో పూలబొమ్మలు పంపడానికి మీకు తీరికున్నప్పుడు నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఆయనకుండదా అని నేనూ మొహం మీదే అనేదాన్ని. కార్డు మాత్రం తప్పుల్లేకుండా వేసిచ్చేదాన్ని.

ఆయన రాసేదంతా కౌలుకు చేసే కాస్త పొలం గురించే. నల్ల తామరపురుగు పూతంతా తినేసిన ఏడు, కళ్లంలో ఆరబోసిన కాయ మీద వాన ముంచుకొస్తే కప్పడానికి పట్టాలు పట్టుకుని పరిగెత్తిన సాయంత్రం, రంగు పోయిన తాలుకాయ ఏరే ఆడవాళ్ల వేళాకోళాలు. గట్టు మీద కూర్చుని ఫోన్‌లోని నోట్స్ యాప్‌లో బొటనవేలితో కొట్టుకొచ్చేవారు. ఇంటికొచ్చాక నేను తప్పులు దిద్ది బ్లాగులో పెట్టేదాన్ని. చదివేవాళ్లు ఎక్కువేం కాదు. కానీ ఒక్క కామెంటు వస్తే చాలు, దాన్ని నాచేత మళ్లీ మళ్లీ చదివించుకునేవారు. మాకు పిల్లల్లేరు. ఆ కామెంట్లు పెట్టేవాళ్లే ఇంటికి వచ్చీపోయే చుట్టాల్లా ఉండేవాళ్లు.

ఒక కోతల కాలంలో ఆయన కళ్లంలోనే కూలబడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కాస్త ముద్దగా మిగిలింది. కౌలు వదిలేసుకున్నాం, షాపు మానేసి నేను ఇంటికే పని తెచ్చుకున్నాను. ముందుగదిలో మంచం మీద పడుకుని ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని పాత పోస్టులు చూసుకునేవారు. ఒకరోజు "నోటితో చెబితే రాసుకునే యాప్‌లున్నాయి కదండీ, పెట్టనా?" అన్నాను. పెట్టమన్నారు, ఇంకా అడగలేదేంటన్నట్టు.

వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఫోన్ మొదటి పేజీలో ఒకే ఒక్క పెద్ద బటన్. దాన్ని నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వేలు తీస్తే ఆగిపోతుంది. యాప్ ఆ మాటల్ని అక్షరాలు చేసి, పైన గొంతూ కింద అక్షరాలూ కలిపి ఒక నోటుగా దాచుకుంటుంది. ఇంకో సర్వీసు ఆ ఫోల్డరుని కనిపెట్టుకుని ఉండి, కొత్త నోటు పడగానే మొదటి మాటని శీర్షికగా పెట్టి మిగతాది బ్లాగులోకి ఎక్కిస్తుంది. ఒక ఆదివారం అంతా దానికే సరిపోయింది. ఆరాధనకి రాలేదేమని పాస్టరు గారు ఇంటికొచ్చి అడిగారు. ఆయన వచ్చేసరికి, పనిచేస్తుందో లేదో చూడ్డానికి మా ఆయన చదివిన బీపీ మాత్రల పేర్లు బ్లాగులోకెక్కి ఉన్నాయి. ముగ్గురం నవ్వుకుని తీసేశాం.

చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. నేరుగా ప్రచురించాలా, డ్రాఫ్టుగా ఆపాలా? డ్రాఫ్టులో ఆపితే నేనొకసారి చూసి పంపుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"మధ్యలో ఆపటమెందుకోయ్? సరుకు నేరుగా పోవాల. దళారీ చేతిలో పడితే ఏమవుద్దో మిర్చి యార్డులో చూళ్లేదా?"

"ఓహో, నేను దళారీనా?"

"కాదా మరి? నా మాటల్లో తరుగు తీస్తావుగా!"

ఏటేటా బస్తాకింత అని తరుగు తీయించుకుని ఏమీ అనలేక ఇంటికొచ్చిన మనిషి. ఆ ఒక్కచోటైనా తన సరుకు తూకం తగ్గకుండా చేరాలని ఆశపడ్డారు. మిరప రైతు కాకుండా ఇంకెవరైనా అయితే నా మాట వినేవారేమో. నేరుగా పోయేటట్టే పెట్టాను.

కొన్నాళ్లు ఇల్లు కళకళలాడింది. పొద్దున కాఫీ తాగి బటన్ నొక్కేవారు. నేను వంటింట్లో ఉండగానే పోస్టు పడేది. అప్పుడప్పుడూ యాప్ ఏదో ఒకటి రాసేసేది. ఆకుముడత తెగులు గురించి చెప్పిన రోజు, మా వైపు దాన్ని బొబ్బరంటారు, ఆ బొబ్బరని బొబ్బట్లు చేసింది. ఎవరో పాకం ఎలా పట్టాలని అడిగారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, ఒకే చేత్తో.

తర్వాత పక్షవాతం రెండోసారి వచ్చింది. మాట ఇంకా మందమైంది. అప్పటికి మాట్లాడ్డమంటే ఆయనకి ఆ బటన్ నొక్కడమే అయిపోయింది. నన్ను పిలవాలన్నా ముందు దాన్ని నొక్కి పట్టుకునేవారు. ఆ సంగతి నేను గమనించలేదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్నాను. లోపలికొచ్చేసరికి ఆయన నోరు పిడచకట్టుకుపోయుంది. చెంచాతో నీళ్లు పట్టాను. సాయంత్రం బ్లాగు తెరిస్తే కొత్త పోస్టుంది. శీర్షిక "ఏమోయ్". దాని కింద "నీళ్లు. ఎక్కడున్నావు. నీళ్లు కావాలి." అంతే. కింద ఎవరో పట్నం ఆయన రాశాడు: కాలవ చివరి భూముల రైతు దాహాన్ని ఇన్ని తక్కువ మాటల్లో చెప్పినవాళ్లు లేరు, చేతులెత్తి మొక్కుతున్నానని. ఇంకొకామె కళ్లు చెమర్చాయి గురువుగారూ అంది.

నాకు నవ్వాగలేదు. మంచం పక్కన కూర్చుని పోస్టూ కామెంట్లూ చదివి వినిపించాను. ఆయన కూడా నవ్వుతారనుకున్నాను.

"అందరూ... చదివారా?" అన్నారు.

"చదివారండీ. మెచ్చుకుంటున్నారు కూడా."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. అప్పుడు తట్టింది నాకు. కుర్రతనంలో కూలికెళ్లిన చోట్ల వంగి దోసిలి పడితే పైనుంచి పోసిన నీళ్లు తాగిన మనిషాయన. సొంతంగా కౌలు పట్టిన రోజునుంచీ ఎంత ఎండలోనైనా సరే, ఒకరి గుమ్మంలో నిలబడి నీళ్లడగలేదు. పొలానికి సీసా మోసుకెళ్లేవారు. అది అయిపోతే అలాగే ఎండిపోయి ఇంటికొచ్చేవారు. అలాంటి మనిషి దేశం మొత్తానికి వినపడేలా నీళ్లు నీళ్లని అడుక్కున్నట్టయింది. పైగా దానికి మెప్పు! ఆ మెచ్చుకున్నవాళ్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. పాపం, వాళ్లకేం తెలుసు.

ఆ పోస్టు తీసేశాను. అప్పటినుంచి ఆయన నన్ను పిలవడం మానేశారు. దాహమేసినా పిలవరు, పక్క తడిసినా పిలవరు. గంటగంటకీ వెళ్లి నీళ్లు కావాలా అంటే పెదాలు బీటలు వారి ఉండి కూడా తల అడ్డంగా ఊపేవారు. నేరుగా పోయేది ఆపేసి డ్రాఫ్టులోనే ఆగేటట్టు మార్చాను. తెర చూపించి, "ఇక ఏదీ గడప దాటి పోదండీ, నా ఒట్టు" అన్నాను. ఫోన్‌ని ఒకసారి, నన్నొకసారి చూసి కళ్లు మూసుకున్నారు. ఫోన్ బీరువాలో పెట్టి చూశాను. అది లేకపోతే దిండు పక్కన చేత్తో తడుముకునేవారు. ఆ తడుముకోవడం చూడలేక మళ్లీ తెచ్చి పెట్టాను. బ్లాగులో ఏమైపోయారండీ అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. నాకు పోస్టులూ వద్దు, కామెంట్లూ వద్దు. ఆ మనిషి నన్నొక్కసారి పిలిస్తే చాలనిపించేది. మాటామంతీ లేని ఇంట్లో గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడేదాన్ని.

ఒకరోజు పొయ్యి మీద పప్పుంది. ముందుగదిలోంచి ఏదో వినిపించింది. కేక కాదు, మూలుగూ కాదు, గొంతులోంచి ఒక శబ్దం. ఏదో అరుచుకుంటూ పరిగెత్తాను. ఆయన నన్నే చూస్తున్నారు. గ్లాసు పెదాలకి ఆనిస్తే సగం దాకా తాగారు. మూతి పక్క నుంచి కారింది నా కొంగుతో తుడిచాను. పప్పు మాడి కంపు కొట్టినా లేవబుద్ధి కాలేదు. ఆ రోజు నా అంత సంతోషంగా ఊళ్లో ఇంకెవరూ లేరు.

ఆ వారంలోనే మూడోసారి వచ్చింది. గుంటూరు తీసుకెళ్లాం. తిరిగి ఇంటికి తీసుకురాలేకపోయాను.

ఆయన పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక రోజు పొద్దున పాస్టరు గారు వచ్చి, ఆయన రాసినవాటిలోంచి ఒకటి చదవమ్మా, మనవాళ్లంతా వింటారు అన్నారు. సరేనని ఫోన్ తెరిచాను. బ్లాగు డ్రాఫ్టుల్లో ఒకటి ఉంది. నేను పెట్టింది కాదు. దానంతటది వచ్చి ఆగింది.

అందులో రాసుంది: "వస్తున్నానండీ వస్తున్నా. నాకున్నవి రెండు చేతులేగా. క్షణం ఓర్చుకోండి."

అవి నా మాటలు. నోటు తెరిచి గొంతు విన్నాను. మొదట ఆయనది, పప్పు మాడిన రోజు విన్న ఆ శబ్దమే, రెండుసార్లు. యాప్‌కి అందులో ఒక్క అక్షరం కూడా దొరకలేదు. తర్వాత దూరంగా వంటింట్లోంచి నేను. దానికి అర్థమైంది నేనొక్కదాన్నే.

మళ్లీ పెట్టుకుని విన్నాను. నా మాట అయిపోయాక నేను పరిగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడూ, గ్లాసు చప్పుడూ వస్తాయని చూశాను. అవేవీ లేవు. ఓర్చుకోండి అన్న మాటతోనే ఆగిపోయింది. నేను వస్తున్నానని వినపడగానే ఆయన వేలు తీసేశారు.