పేటెంట్ ముగిసిన వారం

జూలై నెల, రెండో గురువారం. మధ్యాహ్నం మూడున్నర. ధవళేశ్వరంలో మా ఇంటి ముందుగది.

హాజరైనవారు: నేను. మా ఆవిడ. ఆవిడ తమ్ముడు, ఆ ఉదయమే కాకినాడ నుంచి బస్సులో వచ్చాడు. మా వీధి మొదట్లో మందుల షాపు నడిపే అమ్మాయి, ఒకప్పుడు మా ఆవిడ దగ్గర చదువుకుంది. ఫోనులో ఓ ఐదు నిమిషాలు, రాజమండ్రి డాక్టరు గారు.

ఇరిగేషన్ ఆఫీసు రికార్డు సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. నలుగురు కూర్చున్నారంటే తేదీ, హాజరు రాయందే విషయంలోకి వెళ్లలేను. ఆ రోజు డైరీలో ఆ రెండు ముక్కలూ గుండ్రంగానే రాశాను. ఆ తర్వాతి రాత మాత్రం నాకే సరిగా అర్థం కాదు. పెన్ను పరిగెత్తింది. ఒక పేజీ చాలక తర్వాతి రోజు పేజీలోకి కూడా వెళ్లిపోయాను. యాభై ఏళ్లుగా రాస్తున్న డైరీల్లో అలా చేయడం అదే మొదలు.

విషయం మా ఆవిడ ఊపిరితిత్తులు. ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. రిటైరైన మూడో ఏడు పొడిదగ్గు పట్టుకుంది, వెనకే ఆయాసం వచ్చింది. రాజమండ్రిలో డాక్టరు గారు స్కాన్ చూసి, ఊపిరితిత్తుల్లో కొంత భాగం మచ్చకట్టి గట్టిపడిందనీ, గట్టిపడింది మళ్లీ మెత్తబడదనీ, మిగిలిన భాగం అలా గట్టిపడటాన్ని నెమ్మదింపజేసే మందు ఒకటుందనీ చెప్పారు. పొద్దున ఒక క్యాప్సూల్, రాత్రి ఒకటి, రెండూ తిన్న తర్వాత. ఎన్నాళ్లని అడిగితే, "వాడగలిగినన్నాళ్లూ" అన్నారు.

మందుల షాపులో దాని ధర రెండుసార్లు చెప్పించుకున్నాను. తిరిగి డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఇంకేదైనా ఉందా అని అడిగాను.

"అది ఒక్క కంపెనీయే చేస్తుందండి. పేటెంట్ ఉంది కదా. అది అయిపోయిందంటే ఎవరైనా చేయొచ్చు, అప్పుడు ధర దిగుతుంది" అన్నారు.

ఎప్పుడు అయిపోతుందో ఆయనకు తెలియదు. కాగితం వెతకడం నాకు వచ్చిన పని. నెట్ సెంటర్లో రెండు పూటలు కూర్చుని ప్రభుత్వ వెబ్‌సైట్లోంచి ఆ పేటెంట్ మొదటి పేజీ ప్రింటు తీయించి, డైరీలో అతికించాను. అందులో మూడు తేదీలున్నాయి. దరఖాస్తు పెట్టింది ఒకటి, దాన్ని ప్రచురించింది ఒకటి, దరఖాస్తుకు ఏడేళ్ల తర్వాత పేటెంట్ మంజూరైంది ఒకటి. పేటెంట్ కాలం ఇరవై ఏళ్లని చదివాను. మంజూరు తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఇరవై కలిపాను. ఇంకా తొమ్మిదేళ్లు ఆగాలని తేలింది.

మంజూరు తేదీనే ఎందుకు పట్టుకున్నానంటే, మా ఆఫీసులో చెల్లే తేదీ అదొక్కటే. తూము కోసం రైతు అర్జీ పెట్టుకుంటే ఆ అర్జీ తేదీకి విలువ లేదు. ఉత్తర్వు మీద ఇంజనీరు గారి సంతకం పడ్డ రోజు నుంచే ఏదైనా మొదలు. అర్జీ నకలు పట్టుకుని వాదించిన వాళ్లను నేనే ఎందరినో వెనక్కి పంపాను. మూడు తేదీలున్న కాగితం చూస్తే నా కళ్లు వాటంతటవే మంజూరు దగ్గరికి పోతాయి.

తేదీ నాది, భాగహారం మా ఆవిడది. దాచుకున్నదాన్ని తొమ్మిదేళ్లకు పంచి చూసింది. రోజుకు ఒకటే వచ్చింది. పొద్దుటిది ఉంచుకుని రాత్రిది మానేసింది. నేను దెబ్బలాడాను. ఇల్లు అమ్ముదామన్నాను.

"అమ్మి? మీ డైరీలేసుకుని కాలవ లాకుల దగ్గర కూర్చుంటారా?" అంది.

డాక్టరు గారికి చెప్పనివ్వలేదు. రెండేళ్లు అలాగే నడిచింది. ఆ రెండేళ్లలో ఆమె మాట్లాడే వాక్యాలు పొట్టివైపోయాయి. గేటు నుంచి వరండా దాకా రావడానికి మధ్యలో ఓసారి ఆగాల్సి వచ్చేది.

ఇక ఆ గురువారం. షాపు అమ్మాయి ఒక చెప్పు గడప బయటా ఒకటి లోపలా విడిచి వచ్చేసింది.

"టీచర్ గారూ, మీ మందు వేరే కంపెనీది వస్తోందండి! రేపు పొద్దున్నే, స్టాకిస్టు బండిలో. పాత ధరలో మూడో వంతు కూడా లేదండి!"

మా ఆవిడ కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. నేను అన్న మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"రాదమ్మా."

"అదేంటి బాబాయి గారూ, రాదంటారు?"

"పేటెంట్ ఇంకా ఏడేళ్లుంది. నా దగ్గర కాగితముంది."

"నేను ఆర్డరు పెట్టేశానండి. రేపు సరుకుంటుంది."

"అయితే అది దొంగ సరుకు. మనకొద్దు."

బావమరిది తింటున్న జంతిక పక్కన పెట్టాడు. "బావగారూ, కావాల్సిన మందు గుమ్మంలోకొస్తే వద్దనే మనిషిని మిమ్మల్నే చూశానండి. ముందు ఆ కాగితం తెండి."

డైరీ తెచ్చి ఆ పేజీ తెరిచాను. అమ్మాయి నిలబడే చదివింది. నా ఎర్ర గీత దాటి పైకి పోయింది ఆమె వేలు.

"బాబాయి గారూ, ఇరవై ఏళ్లు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కదండీ. మాకు ఫార్మసీ కాలేజీలో చెప్పారు."

"మంజూరు కాకుండా హక్కెలా వస్తుందమ్మా?"

"దావా వేసే హక్కు మంజూరయ్యాకేనండి. లెక్క మాత్రం దరఖాస్తు రోజు నుంచే. మంజూరుకి ఏడేళ్లు పట్టినా పదేళ్లు పట్టినా ముగిసే రోజు మారదు."

బావమరిది ఫోనులో చట్టం వెతికి పైకి చదివాడు. అమ్మాయి చెప్పిందే ఉంది. ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి కూడా అదే ఉంది. మా ఆవిడ నా చేతిలోంచి డైరీ లాక్కుని, దరఖాస్తు తేదీ చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"పోయిన సోమవారం" అంది. "పోయిన సోమవారంతో అయిపోయింది."

"ఇరిగేషన్ వాళ్ల లెక్కంతే అక్కా. చేను ఎండాక నీళ్లొదుల్తారు" అన్నాడు తమ్ముడు.

మా ఆవిడ నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గుతూనే నవ్వింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతున్నాను. ఏడేళ్లు ఒక్క నిమిషంలో మాయమైతే కాళ్లు ఒకచోట నిలుస్తాయా! అలా తిరుగుతుంటేనే రెండో లెక్క తగిలింది.

"రెండేళ్లేనని తెలిసుంటే రెండూ వేసుకునేదానివి" అన్నాను. దాచుకున్నది రెండేళ్లకు సరిపోయేది.

"వేసుకునేదాన్నే" అంది. ఊపిరి తీసుకుంది. "మీరిచ్చిన తేదీ సరిచూడకుండా నేనెందుకు భాగించాను? పిల్లలు ఇలా చేస్తే సున్నా వేసేదాన్ని."

"వేశారండి" అంది అమ్మాయి. "నాకే, తొమ్మిదో తరగతిలో."

ఆ మాటకు నేనూ నవ్వాను. కానీ ఆ రెండేళ్లు నావి. అవి ఎవరి మీదకూ నెట్టలేను.

అమ్మాయి డాక్టరు గారికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. నా తేదీ పొరపాటుతో సహా విషయం విని ఆయన కూడా సంతోషించారు.

"అదే మందు, అదే మోతాదు అయితే హాయిగా మార్చుకోండమ్మా. రెండు పూటలా క్రమం తప్పకుండా వేస్తున్నారు కదా?"

మా ఆవిడ డైరీ మూసి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా?"

"ఒకటేనండి" అంది మా ఆవిడ. "రెండేళ్ల నుంచీ."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"తిడతారని."

"ఇప్పుడు తిట్టనా?"

"తిట్టేయండి. ఇవాళ్టితో సరి. రేపట్నుంచి రెండు."

ఆయన తిట్టలేదు. పోయింది పోయిందనీ, ఉన్న ఊపిరిని కాపాడుకుందామనీ, రెండో క్యాప్సూల్ మొదలెట్టాక కడుపులో తేడా చేస్తే ఆపేయకుండా తనకు ఫోను చేయమనీ, రెండు వారాలకు లివర్ పరీక్ష చేయించుకుని రమ్మనీ చెప్పారు. "మీ వారిని కూడా తీసుకురండి, తేదీలు సరిచూసే పని నాకూ కొంచెం ఉంది" అన్నారు. బావమరిది తొడ చరిచి నవ్వాడు.

మర్నాడు పొద్దున ఏడున్నరకే షాపు ముందున్నాను. షట్టరు తీయలేదు. ఎనిమిదిన్నరకు అమ్మాయి వచ్చి, "రాత్రి నిద్రపోయారా అండీ?" అంది. లేదన్నాను. తొమ్మిది దాటాక బండి వచ్చింది. అట్టపెట్టె ఆమె కోస్తుంటే టేపు చివర నేను పట్టుకున్నాను. పెట్టె పూర్తిగా తెరవకముందే ఆమె ఫోను మోగింది. పాత కంపెనీ మనిషి. తమ మందు కూడా ధర తగ్గించారట.

"ఏది ఇమ్మంటారు బాబాయి గారూ?"

ఇంటికి ఫోను చేసి మా ఆవిణ్ణే అడిగాను.

"సోమవారం దాకా తగ్గనిది ఇవాళెందుకు తగ్గిందట?" అంది. "కొత్తదే తెండి."

తెచ్చాను. మా ఆవిడ భూతద్దం పెట్టి పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ పక్కపక్కన ఉంచి, మందు పేరు అక్షరం అక్షరం, మిల్లీగ్రాములు అంకె అంకె కలిపి చూసింది. ఉప్మా తిని ఒకటి వేసుకుంది. తర్వాత కత్తెర తెమ్మని, స్ట్రిప్పులోంచి ఇంకొక గడి కత్తిరించి, స్టీలు గిన్నెలో వేసి మూత పెట్టింది.

"ఇది రాత్రిది" అంది. "మూత తీసి సరిచూసుకోండి."

మూత తీసి చూశాను. ఉంది.