నాలుగొందల బారల కింద

భవానీపూర్‌లోని ఓ సర్కారీ ఆఫీసులో గురువులు ఇరవై రెండేళ్లు నత్తగుల్లలు కడిగాడు. సముద్రం అడుగున దొరికినవి సీసాల్లో వస్తాయి. వాటిని శుభ్రం చేసి, పెట్టెల్లో పేర్చి, చీటీలు అంటించాలి. శ్రీకాకుళం తీరాన జాలరి ఇంట పుట్టినవాడికి అంతకంటే తగిన పని ఏముంటుంది చెప్పండి! అయితే 1986 ఆషాఢంలో వచ్చిన ఒక సీసా మాత్రం ఆయన ప్రాణం తోడేసింది.

తమ్ముడు పోలిరాజు సర్వే పడవలో కళాసీ. వలలో పడ్డ గుల్లల్ని సీసాల్లో వేసి చీటీ రాయడం వాడి వంతు. ఆ వైశాఖంలో పడవ తిరిగొచ్చింది, వాడు రాలేదు. పదో తారీకున పారాదీపు రేవులో దిగి పారిపోయాడని కళాసీల కాంట్రాక్టరు ఉత్తరం రాశాడు. రాసిన చెయ్యి పడిపోను! గంగ ఒడ్డున గార్డెన్ రీచ్‌లోని ఇంట్లో తల్లి దాలమ్మ మాత్రం ఆ ఉత్తరాన్నే దేవుడి పటం వెనక దాచుకుంది. పారిపోయినవాడైతే ఎప్పటికైనా వస్తాడు కదా. రోజూ రెండో కంచంలో వాడికింత అన్నం తీసిపెట్టి, పొద్దున్నే ఆ చద్దన్నం తనే తినేది.

ఆ రోజు ఆఫీసరమ్మ గురువుల్ని పిలిచింది. అందరూ ఆవిడను దీదీ అంటారు. బల్లమీద బొటనవేలంత తెల్లగుల్ల ఉంది, ఉల్లిపొరంత పలచన.

"ఈ జాతి ఇంతవరకు అండమాన్ వైపే దొరికింది గురువులూ. ఇటువైపు కూడా బతుకుతోందని చెప్పడానికి ఈ చీటీ ఒక్కటే ఆధారం. తెలుగులో ఉంది. చదవలేకపోతే గుల్లా చీటీ రెండూ పారెయ్యాల్సిందే."

పెన్సిలు రాత. గురువులు చీటీని కిటికీ వెలుగుకి తిప్పాడు. "నాలుగొందల బారలు. నల్ల బురద. నత్తకి కళ్లు నేవు. పద్నాలుగో తారీకు." తమ్ముడి చేతిరాతే! పదిన పారిపోయినవాడు పద్నాలుగున నడిసముద్రంలో ఎలా రాశాడు? ఆ తర్వాతి సీసాలన్నిటిమీదా వేరెవరిదో హిందీ రాత. పదిన పారాదీపు వదిలాక ఇరవైన తిరిగొచ్చేదాకా పడవ మళ్లీ ఒడ్డు ముట్టలేదని ఆఫీసు రిజిస్టరులోనే ఉంది. అంటే వాణ్ని సముద్రమే తీసుకుంది.

అక్షరాలు చెరిగిపోయాయని దీదీతో అంటే చాలు, ఇంట్లో అమ్మ తీసిపెట్టే రెండో కంచం అలాగే ఉంటుంది. కానీ వాడు ఆఖరుసారి రాసిన మాట చెత్తబుట్టలో పడెయ్యడమా! కళ్లు తుడుచుకుని గురువులు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. దీదీ రాసుకుంది.

"సేకరించిందెవరు?"

"పోలిరాజు. నా తమ్ముడు దీదీ."

సాయంత్రం తల్లికి అంతా చెప్పాడు. దాలమ్మ ఏడవలేదు.

"నాలుగొందల బారలంటే మన వలలు అందవు గదరా?"

"అందవమ్మా."

"ఎలుగుంటాదేటి ఆడ?"

"నేదమ్మా. అందుకే ఆ నత్తకి కళ్లు నేవు."

ఆమె రెండో కంచం తీసుకుని ఓడలాగే డాకుల పక్కనున్న రేవుకు నడిచింది. వెనకే గురువులు వెళ్లాడు. నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. అన్నమంతా నదిలో వదిలి అడిగింది.

"ఈ గంగ ఆడి కాడికి ఎల్తాదిరా?"

"ఎల్తాదమ్మా."

"అంత అడుక్కి దిగుతాదా?"

పొద్దుట్నించీ గురువులు నిజమే చెప్పుకొచ్చాడు. ఇదొక్కటీ ఆయనకు తెలియదు.

"దిగుతాదమ్మా," అన్నాడు.

అప్పుడు గాని దాలమ్మ ఏడవలేదు.