పాత ఇనుము దుకాణానికే

యంత్రం ఉన్న చోట మంత్రం ఉండదని నేను చాలా ఏళ్లు నమ్మాను. అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతపడిన ఏడాది, చేయడానికి వేరే పని లేక, కరీంనగర్‌లో ఒక మిత్రుడి మిద్దె మీద చేరి చర్చలు పెట్టుకునేవాళ్లం. దేవుడున్నాడా, కులం ఎలా పుట్టింది, శకునాల్లో నిజమెంత అని రోజుకో అంశం. గొంతు పెంచకుండా నేను ఏ రోజూ ఇంటికి వెళ్లలేదు. ఆదిలాబాద్‌లో పంతులు ఉద్యోగం దొరికాక కూడా ఆ వేడి తగ్గలేదు. ఆదివారాలు ఊళ్లు తిరిగి, జనాన్ని మోసగించే వైద్యుల గుట్టు విప్పడమే నాకు విశ్రాంతి.

మా వైపు పెట్టుడు మందు అని ఒక భయం ఉంది. పగవాళ్లెవరో తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది కడుపులో ఉండిపోయి మనిషిని లోపల్లోపల తినేస్తోందని నమ్ముతారు. దాన్ని తీసేవాడు రోగి కడుపు మీద నోరు పెట్టి పీల్చి, నల్లటి ఉండ ఒకటి ఉమ్మి చూపిస్తాడు. వెంట్రుకలు, మైనం, ఏవో గింజలు. ఆ ఉండ ముందునుంచీ అతని దవడలోనే ఉంటుంది. నేనూ తోటి పంతుళ్లు ఇద్దరూ అక్కడికి పోయి పెద్ద ఉపన్యాసమేమీ ఇచ్చేవాళ్లం కాదు. పీల్చే ముందు అందరి ఎదుట నోరు పుక్కిలించమనేవాళ్లం. ఆ రోజు ఎవరి కడుపులోంచీ ఏమీ వచ్చేది కాదు.

కుంకుమ పూసుకున్న మోసాన్ని ఇలా గుర్తుపట్టడం నేర్చుకున్నాను గానీ, గ్రీజు పూసుకున్న మోసం నా ఎదురుగా నిలబడితే దానికి నమస్కారం పెట్టాను.

మా అక్కను బోథ్ దగ్గరి ఊరికి ఇచ్చారు. బావది వ్యవసాయం. వరసగా పత్తి దెబ్బతిన్నాక దుబాయి పోయాడు. కొన్నేళ్లకు తిరిగొచ్చాడు గానీ అక్కడి క్యాంపు అలవాట్లు పోలేదు. పొద్దున్నే లేచి తన పడక చుట్టి, తాడుతో కట్టి, గోడకు ఆనించి పెట్టేవాడు. "గిది నీ ఇల్లేనయ్యా, నీ బొంత ఎవలు ఎత్కపోతరు?" అని అక్క నవ్వేది. నవ్వి, అటు తిరిగి కళ్లు తుడుచుకునేది.

తెచ్చిన డబ్బుతో ఒక పాత జీపు కొన్నాడు. బస్సు మొహం చూడని ఊళ్ల నుంచి జనాన్ని ఎక్కించుకుని ఆదిలాబాద్‌కు తిప్పేవాడు. పత్తి ఏరే రోజులు వస్తే కూలీలు, అంగడికి పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, అందరికీ ఆ జీపే దిక్కు. జీపు నడిస్తే ఇక్కడే ఉంటానని, నడవకపోతే మళ్లీ పోవాల్సిందేనని అతను అక్కకు మొదటే చెప్పాడు. ఆదిలాబాద్‌లోని ఏజెంటు ఒకడు అప్పటికే వీసా సిద్ధంగా ఉందని, పాస్‌పోర్టు ఇస్తే చాలని కబురు మీద కబురు పంపుతున్నాడు.

ఆదిలాబాద్ బయట, నాగపూర్ రోడ్డు పక్కన రేకుల షెడ్ల వరుస ఉండేది. అందులో ఒక మేస్త్రికి జీపుల పనిలో మంచి పేరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. జీపు వెనక వైపు టకటకమంటోందని బావ మొదటిసారి తీసుకుపోతే, రోజంతా దాని కింద పడుకుని, సాయంత్రం అరచేతిలో ఒక విరిగిన బేరింగు పెట్టుకుని వచ్చాడట. బావ ఆ రాత్రి మా ఇంట్లో భోంచేస్తూ, గండం తప్పిందన్నంత సంతోషంగా ఆ ముక్క ఎంత పాడైందో వర్ణించాడు. అడిగినంత ఇచ్చి వచ్చాడు. ముక్క మాత్రం తేలేదు. విప్పిన ముక్క పాత ఇనుము దుకాణానికే అన్నది ఆ షెడ్లలో రివాజు.

రెండోసారి నేనూ వెంట వెళ్లాను. మళ్లీ అదే సీను. ఈసారి బేరింగు నా చేతిలోనే పెట్టాడు మేస్త్రి. ఒక పక్క పెచ్చు లేచి ఉంది, దాని మీద ఆకుపచ్చ రంగు మరక ఉంది. నాకు ముచ్చటేసింది. రోగం ఇదిగో అని చూపించి మాట్లాడుతున్నాడు, నమ్మమని బతిమాలడం లేదు, ఇదీ శాస్త్రమంటే అనుకున్నాను. ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్లో వైద్యుడి నల్ల ఉండను చూసి దండం పెట్టే రైతును తప్పుపట్టిన మనిషిని నేనే.

మూడోసారి జీపు వెనక చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతోందని తీసుకొచ్చాం. పత్తి రోజులు మొదలయ్యాయి. మాకంటే ముందు ఉట్నూరు నుంచి జీపు తెచ్చిన ఒకాయన నిలబడి ఉన్నాడు. మేస్త్రి లోపలికి పోయి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సూడు దాదా, గిట్లయింది నీ బండి" అని అరచెయ్యి చాపాడు. పెచ్చు లేచిన బేరింగు. ఆకుపచ్చ మరక.

ఆ క్షణం నాకు కోపం కంటే ముందు సంబరం కలిగిందేమో. వేదిక దొరికింది. మా వంతు రాగానే, చుట్టూ ఉన్న డ్రైవర్లందరికీ వినబడేలా, మా జీపు విప్పేముందు షెడ్డు మూలన పాత ముక్కలు వేసే ఆ రేకు డబ్బా ఇక్కడ బోర్లించండి అన్నాను. అతను కదలకపోతే నేనే బోర్లించాను. విరిగిన బేరింగులు, కాలిన ప్లేట్లు, పగిలిన పళ్ల చక్రాలు దొర్లాయి. పెట్టుడు మందు వైద్యుడి దవడకూ ఈ డబ్బాకూ తేడా లేదని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాను. జనం నవ్వారు. ఉట్నూరు ఆయన తన డబ్బు వాపసు అడిగాడు. మేస్త్రి గొడవ పడలేదు. సామాన్లన్నీ ఏరి డబ్బాలో వేసుకుని, మీ బండి తీసుకుపొండి అన్నాడు, అంతే.

పక్క షెడ్డుకు తోసుకుపోయాం. ఆయన చెయ్యి పడ్డ బండిని మేము ముట్టం అన్నారు. ఆ పక్కది, ఆ ఎదుటిది, అందరిదీ అదే మాట. జీపు రోడ్డు వారన నిలిచిపోయింది. బావ చెమట తుడుచుకుని నా వైపు చూశాడు.

"నీ ఉపన్యాసం మంచిగనే ఉన్నది బామ్మర్దీ. ఇగ జీపును నువ్వే గుంజుకపో."

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాడు. రెండు రోజుల తర్వాత పొద్దున అక్క ఒక్కతే మా ఇంటికి వచ్చింది. బావ పాస్‌పోర్టు తీసి అంగీ జేబులో పెట్టుకున్నాడని, సాయంత్రం బస్సుకు వచ్చి ఏజెంటుకు ఇస్తానన్నాడని చెప్పింది. మోసగాళ్ల ముందు తలవంచకూడదని నేనేదో అనబోయాను. "తమ్మీ, నువ్వు జర నోరు మూస్కోని నాతోని రా" అంది.

షెడ్డులో అక్క నేరుగా మేస్త్రి ముందు నిలబడింది. తను ఎవరో చెప్పింది. మొగుడు దేశం పోయేదీ ఉండేదీ ఆ జీపు మీదే ఉందని దాపరికం లేకుండా చెప్పింది. అతను చేతిలోని పాన కింద పెట్టి మాట్లాడాడు.

"అక్కా, మీ జీపుకు మొదటిసారి బేరింగు పోలేదు. కింద షాఫ్టుకు ఒక బోల్టు వదులైంది. గది దొరకవట్టుడే పొద్దంత అయింది. బోల్టు బిగించిన, పైసలియ్యుండ్రి అంటే మీ ఇంటాయన ఇస్తడా?"

"ఇయ్యడు" అంది అక్క. "బోల్టు బిగించెతందుకు గిన్ని పైసలా అని లొల్లి వెడతడు."

"గందుకే. ముక్క సూపెడితేనే ఇస్తరు. నా చెవికి ఎవలియ్యరు."

"సరే. మరి రెండోసారి?"

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత నేల చూస్తూ, "రెండోసారి అలవాటయింది" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను చాలా ఏళ్లు ఆగిపోయాను. మొదటి మాటలో న్యాయం ఉంది. మనం వస్తువుకు వెలకడతాం, పనికి కట్టం. రోజంతా విని, వెతికి, తప్పు ఎక్కడుందో కనిపెట్టిన మనిషికి కూలి ఇవ్వడానికి మన చెయ్యి రాదు. ఇనుప ముక్క చూపిస్తే మాత్రం జేబు దానంతటదే తెరుచుకుంటుంది. అతనికి అబద్ధం నేర్పింది మన పిసినారితనమే. కానీ అబద్ధం నేర్పిన దగ్గరే ఆగదు. చేసిన పనికి సాక్ష్యంగా పుట్టిన ముక్క, చేయని పనికి కూడా సాక్ష్యం చెప్పడం మొదలుపెడుతుంది. మనిషి అవసరానికి ఆడిన అబద్ధాన్ని తలుచుకుని అలవాటుగా ఆడే అబద్ధాలన్నిటినీ క్షమించుకుంటాడు. మతాలు, రాజ్యాలు కూడా ఈ దారినే నడిచాయని నా అనుమానం. నేను పట్టించిన వైద్యుల్లో మొదటివాడెవడో కూడా, ధైర్యం చాలని రోగికి ధైర్యం ఇవ్వడానికే ఆ ఉండ చూపించి ఉంటాడు. అందుకని అతన్ని వదిలేయాలా? వద్దు. కానీ నోరు పుక్కిలించమని ఊరుకుంటే సరిపోదు. రోగం మాత్రం రోగి దగ్గరే ఉండిపోతుంది, మా జీపులాగే.

అక్కకు ఇంత ఆలోచన అక్కర్లేకపోయింది. చేతికూలి ముందే చెప్పమంది. సామాను మా తమ్ముడు బజారులో కొనుక్కొస్తాడంది. ఏ ముక్కా చూపించాల్సిన పని లేదు, నేనే ఇక్కడ కూర్చుని చూస్తానంది. అక్కడున్న పాత టైరు మీద కొంగు సర్దుకుని కూర్చుంది. మేస్త్రి చక్రం దగ్గర చెవి పెట్టి, దాన్ని తిప్పి విని, ఈసారి నిజంగానే బేరింగు పోయిందన్నాడు. చెప్పేటప్పుడు అతని మొహంలో సిగ్గు కనిపించింది. నన్ను బేరింగు నంబరు రాసుకొమ్మని బజారుకు పంపాడు.

నేను తిరిగొచ్చేసరికి పాత బేరింగు బయటికి వచ్చి గుడ్డ మీద ఉంది. కొత్తది బిగించి, చక్రం ఎక్కించే వేళకు బావ బస్సు దిగి రోడ్డు దాటుతున్నాడు. ఏజెంటు ఇంటికి దారి అటే. టైరు మీద కూర్చున్న భార్యను చూసి ఆగిపోయాడు. విషయం విని, గుడ్డ మీది ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది గూడ డబ్బాలదే."

"కాదు. నేను సూసిన."

"నీకు ఇనుము గురించి ఏమెరుక?"

"ఇనుము గురించి నాకెరుక లేదు. కండ్లున్నయ్. సుత్తెతోని కొట్టిండు, రాలే. మళ్ల కొట్టిండు, గప్పుడొచ్చింది. గ్రీజంత మాడిపోయున్నది."

బావ ముక్కను కింద పెట్టలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "నన్ను ఆపెతందుకు అబద్ధం చెప్తలేవు గద?"

అక్క టైరు మీంచి లేచింది. చీరంతా మసి.

"నిన్ను ఆపాలంటే పాస్‌పోర్టు దాస్తుంటి. గింత దూరమొచ్చి గీ మసిల ఎందుకు కూసుందును?"

బావ ఆమె చీర వైపు చూశాడు. ముక్కను మేస్త్రికి ఇచ్చేశాడు. చెప్పిన కూలి లెక్కపెట్టి ఇచ్చి, జీపెక్కి, రోడ్డు మీద కొంత దూరం పోయి తిరిగొచ్చాడు. దిగి చక్రం మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత అక్కను ఎక్కమన్నాడు. బోథ్ పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు రోడ్డు మీద ఉంటే వాళ్లనూ ఎక్కించుకున్నాడు.

వాళ్లు పోయాక మేస్త్రి నన్ను అడిగాడు. "సార్, మీరు నమ్ముతున్నరా?"

నేను చూడలేదు, మా అక్క చూసింది అన్నాను. అతనికి ఆ జవాబు నచ్చినట్టు లేదు. నాకు అంతకంటే మంచి జవాబు ఇప్పటికీ తెలియదు. అతను ఆ డబ్బాను పారేశాడని కూడా నేననుకోను. మా జీపుకు మాత్రం మళ్లీ ఎప్పుడూ ముక్క చూపించలేదు, కూలి అడిగి తీసుకున్నాడు.

మర్నాడు ఏజెంటు మనిషి మా ఇంటికి వచ్చి బావ ఎందుకు రాలేదని అడిగాడు. పత్తి ఏరుతున్నారు, జీపుకు తీరిక లేదని చెప్పాను. అయితే వచ్చే నెల వస్తాడా అన్నాడు. వచ్చే నెలా ఏరతారని చెప్పి పంపించాను.