లాగడం వేరు, మోయడం వేరు

2023 మే నెల. కెనడాలోని ఎడ్మంటన్ నగరం పడమటి వైపు, ట్రైలర్లకు హిచ్‌లు, బ్రేకులు బిగించే షాపులో నేను సర్వీస్ అడ్వైజర్‌ని. పికప్ ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప అమరికను హిచ్ అంటారు. కౌంటర్ దగ్గర కస్టమర్‌తో మాట్లాడి, వాళ్ల బండికి ఏది సరిపోతుందో లెక్క చూసి, లోపల మెకానిక్‌కి పని రాసిచ్చేది నేనే. పదకొండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన కేసు రమణ గారు, పద్మలది.

ఏలూరు దగ్గరి వాళ్లు. ఆయన ఆరేళ్లు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, ఆ ఉద్యోగం మానేసి, భార్యతో కలిసి దోసెల ట్రైలర్ పెట్టారు. వేసవిలో ఆల్బర్టా ఊళ్లలో జరిగే జాతరలకు దాన్ని లాక్కెళ్లాలని వాళ్ల ప్లాన్. వంటంతా పద్మదే. ట్రైలర్‌లో పెద్ద పెనం, ఫ్రిజ్, సింకులు, వాటర్ ట్యాంకు. దాన్ని లాగడానికి హాఫ్-టన్ అనే మామూలు సైజు పికప్ ఒకటి కొన్నారు. కొత్తది, నల్లగా మెరుస్తోంది. అమ్మిన కుర్రాడు తెలుగువాడని రమణ గారు రెండుసార్లు చెప్పారు. ‘పదకొండు వేల పౌండ్లు లాగుతుంది, మీ ట్రైలర్ దీనికో లెక్కా’ అన్నాడట.

ఆ మాట అబద్ధం కాదు. అదే నాకు ఒళ్లు మండించేది. ట్రక్కులు అమ్మేవాళ్లు గొప్పగా చెప్పేది టోయింగ్ కెపాసిటీ, అంటే ఎంత లాగగలదు అన్నది. వాళ్లు చెప్పనిది పేలోడ్, అంటే తన ఒంటి మీద ఎంత మోయగలదు అన్నది. లోపల కూర్చునే మనుషులు, వెనక తొట్టిలో సామాను, వీటితోపాటు ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు కూడా పేలోడ్ కిందికే వస్తుంది. ఆ ముక్కు బరువును టంగ్ వెయిట్ అంటారు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కనిపించే స్టిక్కర్ మీద ఆ ట్రక్కు పేలోడ్ ఎంతో రాసి ఉంటుంది. కొనే ముందు ఆ తలుపు తెరిచి చూపించడానికి అరనిమిషం చాలు.

నేను తెరిచి చూశాను. పద్నాలుగు వందల ఎనభై పౌండ్లు. ట్రైలర్ ముక్కును మా కాటా మీద పెడితే వెయ్యి దాటింది. వాళ్లిద్దరూ, సాయానికి వచ్చే పద్మ తమ్ముడూ కలిసి ఐదు వందలు. అక్కడికే అయిపోయింది. ఇంకా తొట్టిలో జనరేటర్, గ్యాస్ సిలిండర్లు, పిండి డబ్బాలు ఎక్కాలి.

కాగితం మీద రాసి చూపించాను. రమణ గారి ముఖం వాడిపోయింది. మరి పెద్ద హిచ్ వేస్తే సరిపోదా అని అడిగారు. బరువును ముందు చక్రాలకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒకటుంది, అది వేస్తే ట్రక్కు తోక కిందికి వాలడం తగ్గుతుంది గానీ స్టిక్కర్ మీది అంకె పెరగదని చెప్పాను. ఈ పనికి ఒక సైజు పెద్ద ట్రక్కు కావాలన్నాను. చివర్లో, వాళ్ల ముఖాలు చూడలేక, “ఒకసారి ఆలోచించుకోండి” అన్నాను.

వాళ్లు ఆలోచించుకున్నారు. అంటే, ఆ కుర్రాడికి ఫోన్ చేశారు. షాపుల వాళ్లు అలాగే భయపెడతారని వాడు నవ్వేశాడట. ముక్కు మీద బరువెక్కువైతే తొట్టిలోని జనరేటర్‌ని, నీళ్ల డబ్బాలను ట్రైలర్‌లో వెనక భాగంలో పెట్టేయమన్నాడట. వినడానికి తెలివైన మాటే. కానీ ట్రైలర్‌లో బరువు వెనక్కి పోతే ముక్కు తేలికైపోతుంది. ముక్కు తేలికైన ట్రైలర్ వేగం అందుకున్నాక పాములా అటూ ఇటూ ఊగుతుంది. మా పనిలో మొదటి వారం నేర్పే పాఠం అది.

నా సెలవు రోజున వాళ్లు మళ్లీ వచ్చారు. కౌంటర్‌లో మా ఓనర్ ఉన్నాడు. నేను రాసిన నోట్ వాళ్ల ఫైల్లోనే ఉంది. అయినా హిచ్ బిగించి పంపేశాడు. మర్నాడు అడిగితే, కస్టమర్ కావాలన్నది ఇవ్వడం మన పని అన్నాడు. ఆ రోజే నేను రమణ గారికి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు.

జూన్‌లో ఒక శనివారం పొద్దున, ఆ కుర్రాడు చెప్పినట్టే బరువంతా ట్రైలర్ వెనక్కి సర్దుకుని, కొండల దగ్గరున్న హింటన్ ఊరి వైపు జాతరకు బయల్దేరారు. దిగుడులో ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఊగడం మొదలైంది. రమణ గారు భయపడి బ్రేకు తొక్కారు. ట్రైలర్ అడ్డం తిరిగి, ట్రక్కును కూడా లాక్కుని రోడ్డు పక్క గుంతలో పడింది. సిలిండర్లు పేలకపోవడం అదృష్టం. ఆయనకూ బావమరిదికీ దెబ్బలు తగిలాయి. పద్మ కుడి మణికట్టు మూడు చోట్ల విరిగింది.

సోమవారం రమణ గారు షాపుకి ఫోన్ చేశారు. కేకలేస్తారనుకున్నాను. “శారద గారూ, నేనేం తప్పు చేశానో చెప్తారా?” అని అడిగారు.

ఆ ప్రశ్న విన్నాక నేను కౌంటర్‌లో కూర్చోలేకపోయాను. లంచ్ టైమ్‌లో నేరుగా ఆ డీలర్‌షిప్‌కి వెళ్లాను. ఆ కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. రమణ గారి పేరు చెప్తే గుర్తుకు రావడానికి కాస్త టైమ్ పట్టింది. పేలోడ్ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“వాళ్లు అడగలేదు అక్కా. నేను బ్రోషర్‌లో ఉన్నదే చెప్పా. అయినా హిచ్ బిగించింది మీ షాపే కదా?”

తెలుగులో వరసలు కలిపి, నమ్మించి అమ్మినవాడి మీద ఎంత కోపం వచ్చిందో, వాడి మాటలో నిజం ఉన్నందుకు అంతకు రెట్టింపు వచ్చింది. తిరిగొచ్చి ఓనర్‌తో చెప్పాను, ఇకమీదట ట్రక్కూ ట్రైలరూ తూచకుండా ఏ బండీ బయటికి పోకూడదని, పోతే నేను ఉండనని. కస్టమర్లు పక్క షాపుకి వెళ్లిపోతారన్నాడు. పోనివ్వమన్నాను. ఒక వారం తర్వాత ఒప్పుకున్నాడు.

శరదృతువులో పద్మను చూడడానికి వెళ్లాను. కట్టు విప్పారు గానీ ఆ చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. గరిటె పట్టుకుని పెనం మీద పిండి తిప్పలేకపోతోంది. మరుసటి వేసవికి చిన్న ట్రైలర్‌తో మొదలుపెడతామని, ఈసారి దోసెలు ఆయన వేస్తారని చెప్పింది. ఆయనవి గుండ్రంగా రావని నవ్వింది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె ఆపింది.

“మీరు మంచిగానే చెప్పారు. అదే మా కొంప ముంచింది. ఆ రోజు కసిరి ఉంటే ఆగేవాళ్లం.”

ఎదుటివాళ్లను నొప్పించకూడదని నేను వాడిన మెత్తని మాట, వాళ్ల చెవికి అనుమతిలా వినిపించింది. అప్పట్నుంచి ముందు వద్దు అంటాను, కారణాలు ఆ తర్వాత చెప్తాను. మర్యాద తెలియని మనిషినని ఇక్కడి తెలుగువాళ్లలో పేరొచ్చింది. కిందటి నెల ఒక రిటైర్డ్ డాక్టరు గారు, మనవళ్లను కొండల్లోకి తీసుకెళ్లడానికి కొన్న క్యాంపర్‌తో, అంటే లోపల పడుకోవడానికి వీలుండే ట్రైలర్‌తో వచ్చారు. ఆయన ట్రక్కు దాన్ని మోయలేదు. వద్దన్నాను. ఇంత పొగరు పనికిరాదని చెప్పి, కోపంగా తలుపు వేసుకుని వెళ్లిపోయారు. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నాలుగోసారి ఆయన భార్య ఎత్తారు. ఆవిడకు మొత్తం చెప్పాను, రాసుకోమన్నాను. రాసుకుంటున్నట్టే వినిపించింది. వాళ్లు ఏం చేశారో నాకింకా తెలియదు.