ఏడాది మొక్కు

అళగర్‌సామి నాయకర్ కింద కూర్చుంటే తనంతట తాను లేవలేడన్న సంగతి కోవిల్‌పట్టి చుట్టుపట్ల ఎవరికీ తెలియదు. పెళ్ళాం సీనియమ్మాళ్ పోయేదాకా ఆయనకే తెలియదు. ఆయన భోజనం ముగించే వేళకి ఆమె ఒక చేత్తో నీళ్ళ చెంబు తెచ్చి, రెండో చెయ్యి అందించేది. ఆ చెయ్యి పట్టుకుని లేచేవాడు. ఇరవై ఏళ్ళుగా దాన్ని మర్యాద అనుకున్నాడే తప్ప సాయం అనుకోలేదు. మగవాళ్ళ బుద్ధి అంతే మరి.

1933లో ఆమె పోయింది. కర్మలు ముగిసిన మర్నాడు ఒక్కడే అన్నానికి కూర్చున్నాడు. లేవబోతే మోకాళ్ళు మాట వినలేదు. గోడ పట్టుకుని, జొన్నల గాదె పట్టుకుని, చాలాసేపు పెనుగులాడి లేచాడు. ఆ పూట వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె కోసమో, మోకాళ్ళ కోసమో చెప్పలేం.

కొడుకు సుబ్బురాజ్ విరుదునగరంలో పత్తి మండీలో గుమాస్తా. నీ ఒంటిపని నువ్వు చేసుకోలేని రోజున చేను కౌలుకిచ్చి నా దగ్గరికి రావాలని తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు. ఆ నల్లరేగడి వదిలితే నాయకర్‌కి ఇక మిగిలేదేముంది? అందుకే ఒక మొక్కు కల్పించాడు. పోయినామె పేరిట నేలమీద కూర్చుని తిననన్నాడు. మంచం పట్టెమీద కూర్చుని తిన్నాడు. ఊరు మెచ్చుకుంది. ఎన్నాళ్ళని ఎవరో అడిగితే మాత్రం ఏడాదని నోరు జారాడు. బతికినన్నాళ్ళూ అంటే ఏం పోయేది?

ఏడాది దాటిన నెలకే బామ్మర్ది మనవరాలి పెళ్ళి. మొక్కు తీరిందిగదా బావా అంటూ బామ్మర్ది తీసుకెళ్ళి మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాడు. కాదంటే పెళ్ళింటికి అవమానం. నాయకర్ తిన్నాడు. వద్దనకుండా మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. మజ్జిగ మూడుసార్లు పోయించుకున్నాడు. చివరికి ఆకులో ఏమీ మిగల్లేదు.

పంక్తిలో పెద్ద లేవందే ఎవరూ లేవకూడదు. నలభైమంది ఎంగిలి చేతులు ఆరబెట్టుకుని ఆయన వైపే చూస్తున్నారు. వాళ్ళలో సుబ్బురాజ్ కూడా ఉన్నాడు.

"నాకి లేసేకి కాదురా," అన్నాడు నాయకర్ కొడుకుతో. "ఇన్నాళ్ళూ మీ అమ్మే లేపతా ఉన్నింది."

ఇద్దరు చంకల కింద చేతులేసి లేపారు. పంక్తంతా చేతులు కడుక్కోవడానికి కదిలింది. ఆయన స్తంభం పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. సుబ్బురాజ్ దగ్గరికొచ్చి, చేను ఎవరికి కౌలుకిద్దాం నాయనా అని మెల్లగా అడిగాడు.